ఇందుమతికి ధ వచ్చింది

"ఈ పిల్లకేదో అవుతుందండీ," అన్నాను.

మా ఆయన ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకోబోతూ ఆగారు. "ఏమైందే?"

"ఏమీ అవలేదు. అదే నా భయం."

"జొరమా?"

"కాదు."

"మరేంటి?"

"పాడుతోంది."

ఆయన ఇడ్లీ నోట్లో పెట్టేసుకున్నారు. బస్సు డ్రైవరుకి పొద్దున్న పూట పెళ్ళాం భయాలు వినే టైముండదు. ఉన్నా వినరు.

పెరట్లో ఇందుమతి నిజంగానే పాడుతోంది. దానికి పదేళ్ళు. నేను పొయ్యి దగ్గర ఏదో కూనిరాగం తీస్తే అది పెరట్లో జడ వేసుకుంటూ అందుకుంటుంది. నేను పోపు మాడిందని మధ్యలో వదిలేస్తే, అది వదలకుండా ఒడ్డుకి చేరుస్తుంది. ఇంత బాగా పాడే పిల్లకి ఏం జరగొచ్చో నాకు తెలుసు. దిష్టి తగలొచ్చు. గొంతులో చేపముల్లు గుచ్చుకోవచ్చు. లేదా ఎవరో ఒకరొచ్చి దాని పాటని బాగుచెయ్యొచ్చు.

మొదటి రెంటికీ నేను జాగ్రత్తలు తీసుకున్నాను. మూడోది జరిగింది.

మా ఊరి పిల్లల సంగీత పాఠశాల రైసుమిల్లు వెనక రేకుల షెడ్డులో ఉంది. విశాలాక్షి టీచరుగారు ఒక్కరే అన్నీ. ఆవిడ పాడతారు, పిల్లలు విని తిరిగి పాడతారు, తప్పయితే ఆవిడ మళ్ళీ పాడతారు. పద్ధతి అంతే. ఆవిడ గురువుగారు ఆవిడకలాగే చెప్పారట, ఆయనకి ఆయన గురువుగారూ అలాగేనట. ఇన్ని తరాలుగా ఇంత అక్రమం జరుగుతోందని బాల సృజన సంగీత మండలి ప్రత్యేకాధికారి లింగమూర్తిగారు వచ్చి చెప్పేదాకా మాకెవరికీ తెలీదు.

తల్లుల్ని షెడ్డులో చాపల మీద కూర్చోబెట్టారు. లింగమూర్తిగారు నిలబడి, గొంతు సవరించుకుని, మాకు బదులు గోడకి చెప్పడం మొదలుపెట్టారు.

"బాలబాలికలలో నిద్రాణమైయున్న సృజనాత్మకతను మేల్కొలుపు నిమిత్తము, ప్రతి విద్యార్థియు ఒక ఇతివృత్తముపై సొంతముగా ఒక పాట రచించి, స్వరపరచి, ఆలపించవలసియున్నది. ఈ సంవత్సరపు ఇతివృత్తము వాన."

అందరం చప్పట్లు కొట్టాం. వాన మంచిదే కదా. విశాలాక్షిగారి మొహం కూడా వెలిగింది.

"చాలా బాగుందండీ. ఒక్కొక్కళ్ళకీ ఒక చిన్న రాగం పట్టిస్తాను..."

"పట్టించరాదు."

"పోనీ, మొదటి ముక్క నేను పాడి చూపిస్తే..."

"చూపించరాదు. మీరు మార్గనిర్దేశము మాత్రమే చేయవలెను."

"పాడకుండానాండీ?"

"మీరు పాడినచో అది మీ ప్రభావము. రచన ప్రభావరహితముగా ఉండవలెను. ఎవరి రచనలోనైనను ఇతరుల ప్రభావము కనబడినచో ఆ విద్యార్థి పేరు పాఠశాల నుండి తొలగించబడును."

ఆ 'తొలగించబడును' వచ్చి సూటిగా నా కడుపులో పడింది. ఇందుమతిని ఆ షెడ్డు నుంచి తీసేస్తే అది అన్నం కూడా తినదు. నాకు భయమేస్తే నోరు ఆగదు. లేచి నిలబడ్డాను.

"అయ్యా, నేను వంటింట్లో కూనిరాగం తీస్తానండి. పిల్ల వింటుందండి. దాన్ని తీసేస్తారాండి?"

పక్కనున్న నూకరత్నం నా కొంగు పట్టుకుని లాగింది. "కూకోవే తల్లీ. ఆయన అడిగాడా నిన్ను?"

అడగలేదు. కానీ లింగమూర్తిగారు కళ్ళద్దాలు తీసి, నన్ను దేవతని చూసినట్టు చూశారు.

"అమ్మా, మీ పేరు?"

"మంగతాయారండి. ఏడో తరగతి తప్పానండి."

"తల్లి గొంతు! శిశువుపై పడు ప్రప్రథమ ప్రభావము! ఇది మండలి దృష్టికి రానేలేదు." ఆయన గుమాస్తా వైపు తిరిగారు. "రాసుకోండి."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. తల్లులు ఇళ్ళలో పాడరాదు, కూనిరాగములు తీయరాదు, చంటిబిడ్డలను జోకొట్టునప్పుడు నిశ్శబ్దముగా జోకొట్టవలెను. నన్ను ముందుజాగ్రత్త ప్రతినిధిగా నియమిస్తున్నట్టు కిందెక్కడో ఉంది. మా ఆయన దాన్ని రెండుసార్లు చదివారు.

"నీ భయాలకి గవర్నమెంటు ఉద్యోగం ఇచ్చార్రా బాబూ," అన్నారు.

ప్రతినిధి అన్నాక ఊరుకుంటే బాగోదు. పైగా భయాలు నాకు వెతుక్కుంటే వచ్చేవి కావు, వద్దన్నా వచ్చేవి. వచ్చిన ప్రతిదాన్నీ లింగమూర్తిగారికి చెప్పుకునేదాన్ని. ముందు కుక్కరు గురించి అడిగాను. అన్నానికి మూడు కూతలు, పప్పుకి ఐదు, రోజూ పిల్ల చెవిన పడతాయి, అది ప్రభావం కిందికి వస్తుందా అని. ఆయన పై ఆఫీసుకి రాశారు. కుక్కరు కూత స్థిరమైన శ్రుతిలో, నియమిత వ్యవధిలో వచ్చుచున్నందున సంగీతమేనని జవాబు వచ్చింది. వీధి మొత్తం గిన్నెల్లో వండుకోవడం మొదలుపెట్టాం. నూకరత్నం మా గుమ్మంలోకి వచ్చి, పప్పు ఉడకలేదని చూపించడానికి ఒక కందిబద్ద నా అరచేతిలో పెట్టి వెళ్ళిపోయింది. మాటలేమీ అనలేదు. అనకపోవడమే పెద్ద తిట్టు.

తరవాత షెడ్డులో ఫ్యాను. అది తిరిగేటప్పుడు టక్కు టక్కుమంటుంది. పిల్లలు దాంతో పాటు తల ఊపుతుంటే చూశాను. చెప్పాను. ఎండాకాలం నడిమధ్యలో ఫ్యాను విప్పేశారు. బుడగల వాడి ఈల, గుడిలో మైకు, బైపాసు మీద లారీల హారన్లు, ఒక్కొక్కటే ఊరు నుంచి తప్పుకున్నాయి. మా ఆయన మాత్రం బస్సు హారను దగ్గర మొండికేశారు.

"గేదె అడ్డొస్తే ఏం చెయ్యమంటావే? మార్గనిర్దేశం చెయ్యమంటావా?"

ఇక అసలు మార్గనిర్దేశం సంగతి. విశాలాక్షిగారు నోరు తెరవకూడదు కాబట్టి చేతులతో వాన చూపించారు, వేళ్ళు పైనుంచి కిందికి ఆడిస్తూ. లింగమూర్తిగారు కిటికీలోంచి చూసి లోపలికొచ్చారు.

"వేళ్ళు సమాన వ్యవధిలో కదులుచున్నవి. అది తాళము."

ఆవిడ చేతులు కట్టుకుని కళ్ళతో చూపించారు.

"రెప్పలు!" అన్నారాయన.

ఆ మర్నాటి నుంచి ఆవిడ పక్కగదిలో తలుపేసుకుని కూర్చుని మార్గనిర్దేశం చేసేవారు. తనిఖీకి వచ్చిన పెద్దలు ఇంత స్వచ్ఛమైన బోధన ఇదివరకెక్కడా చూడలేదని రాసి వెళ్ళారు.

ఇంతా అయ్యాక నాకింకో భయం పట్టుకుంది. ఇద్దరు పిల్లలు వేరువేరుగా పాట కట్టినా, అందులో ఇద్దరిదీ ఒకే స్వరం పడితే? ఒకళ్ళని చూసి ఒకళ్ళు రాశారంటారేమో?

లింగమూర్తిగారు చాలాసేపు తల పట్టుకున్నారు. "అమ్మా, స్వరములు మొత్తం ఎన్ని?"

"ఏడండి. మా అమ్మాయి చెప్పింది."

"ఏడేనా? ఇంతమంది పిల్లలకు ఏడా?" ఆయనకి ఆ సంగతి అప్పుడే తెలిసినట్టుంది. "ఈ కొరతపై ఇంతవరకు ఎవరును ఎందుకు స్పందించలేదు?"

కొరత వస్తే ఏం చేస్తారో అదే చేశారు. కేటాయింపు పెట్టారు. స్టీలు టిఫిను డబ్బాలో చీటీలు వేసి, ఒక్కో పిల్ల చేత ఒక్కోటి తీయించారు. ఎవరికి వచ్చిన స్వరం వాళ్ళదే. ఒకే స్వరం వచ్చిన వాళ్ళు వంతులు వేసుకోవాలి. ఇంకొకళ్ళ స్వరం నోట వస్తే ఆక్రమణ.

ఇందుమతికి ధ వచ్చింది.

సాయంత్రానికల్లా వీధి వీధంతా వచ్చి పలకరించింది. ధ మంచిదేనట, పక్కనే ని ఉందట, ఎత్తు ప్రాంతమట. నూకరత్నం కొడుకు కోటేశుకి స వచ్చింది. ఇక చూడాలి దాని నడక.

"మా వోడిది మొదట్లోనే కదండీ, పైన మళ్ళీ వచ్చే స కూడా మాదేనంట," అంది. "కార్నరు బిట్టు లాంటిదన్నమాట."

అక్కడితో అయిపోతే బాగుండేది. ధలో కాస్త కిందగా పలికే చిన్నదీ, కాస్త పైగా పలికే పెద్దదీ ఉంటాయని ఇందుమతి చెప్పింది. ఏది మనది? పరిగెత్తుకెళ్ళి అడిగాను. మండలి రెండువైపులా ఆలోచించి, ఎవరికీ అన్యాయం జరక్కుండా రెంటికీ మధ్యలో ఉన్నదాన్ని మాకు కేటాయించింది. ఆ మధ్యలోది ఎలా పాడాలో తెలీక ఇందుమతి నోరు తెరిచి, మూసి, నా వైపు చూసింది.

"ఇక్కడేం లేదమ్మా," అంది.

"ఉంటుందిలే. పెద్దవాళ్ళు ఇచ్చారు కదా," అన్నాను.

ఆషాఢం వచ్చింది. ఆకాశం వైపు చూశాను. ఇన్నాళ్ళూ ఇంత పెద్ద భయం నాకెలా తట్టలేదో అర్థం కాలేదు.

"అయ్యా, పిల్లలు పాట కట్టేది వాన మీద. ఇప్పుడు నిజం వాన వస్తుందండి. చప్పుడు వింటారండి. విన్నది పాటలో పెట్టేస్తే?"

లింగమూర్తిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "వాన ప్రభావము," అన్నారు మెల్లిగా. "అమ్మా, మీరు లేకపోతే ఏమైపోయేవాళ్ళం?"

మబ్బు పట్టినప్పుడు బడికి సెలవన్నారు. సెలవిస్తే ఇంట్లో వింటారు కదండీ అన్నాను. అయితే మబ్బు పట్టినప్పుడల్లా బడికి రావాలన్నారు. రేకుల షెడ్డు కదండీ, చినుకు పడితే డప్పు కదండీ అన్నాను. దాంతో ఇంటికో పరుపు తెచ్చి షెడ్డు మీద పరవాలని తీర్మానమైంది. మా పెళ్ళినాటి బూరుగుదూది పరుపు మా ఆయనే నిచ్చెనెక్కి వేసి వచ్చారు. పిల్లల చెవుల్లో దూది, కిటికీలకి గోనెసంచులు. అంతా కలిసి ఊళ్ళో పిల్లలకి వాన సంగతి తెలియకుండా కాపాడుకున్నాం. మరి పాటెలా కడతారని ఎవరో అడిగితే మండలి వాళ్ళు వాన అంటే ఏమిటో అచ్చువేసి పంచారు: ఆకాశము నుండి భూమికి, బిందు రూపమున, అనుమతించబడిన ఋతువులో చేరు జలము.

పిల్లలు దాన్ని కంఠతా పట్టారు. అది పాటలా అనిపించిందేమో, ఒకరిద్దరు లయగా చదివారు. వాళ్ళని మందలించారు.

ఈ హడావిడిలో నేనొకటి గమనించలేదు. ఒకరోజు పొయ్యి దగ్గర కూర్చుంటే ఇల్లు మరీ పెద్దదయినట్టు అనిపించింది. వెనక్కి తిరిగి చూశాను. ఇందుమతి పెరట్లో జడ వేసుకుంటోంది. చప్పుడు లేదు. పెదవులు కూడా కదలడం లేదు.

"ఇందూ, గొంతు నొప్పా?"

లేదన్నట్టు తల ఊపింది.

"మరి పాడవేమే?"

భుజాలెగరేసింది. రిబ్బను ముడి వేసుకుని వెళ్ళిపోయింది.

చేపముల్లే అనుకున్నాను. రిక్షా కట్టించుకుని గొంతు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన టార్చి వేసి, నాలుక నొక్కి, చెవుల్లోంచి దూది తీసి చెత్తబుట్టలో వేశారు.

"గొంతు భేషుగ్గా ఉందమ్మా. ఏదీ, ఓసారి సరిగమలు పాడు పాపా, విందాం."

ఇందుమతి బల్ల మీద బుద్ధిగా కూర్చుని ఆయనకి వివరంగా చెప్పింది. "స కోటేశుదండి. రి సోమవారం ఒకళ్ళది, బుధవారం ఒకళ్ళది. నాది ధ అండి. అది కూడా అక్కడ లేదండి."

డాక్టరుగారు టార్చి ఆర్పి నా వైపు చూశారు. "దీనికి నా దగ్గర మందు లేదమ్మా," అన్నారు.

రిక్షాలో వస్తుంటే నాకు ఏడుపొచ్చింది. దిష్టి, ముల్లు, జొరం, లారీ, పాము, అన్నిటికీ నేను ముందే భయపడి పెట్టుకున్నాను. నా పిల్ల గొంతు నిక్షేపంలా ఉండి, పాట ఒక్కటే పోతుందని మాత్రం ఒక్కరోజు కూడా భయపడలేదు. పోనీ ఇప్పుడు కూనిరాగం తీద్దామని నోరు తెరిచాను. ఇందుమతి గబుక్కున నా నోటి మీద చెయ్యి పెట్టి, వీధి అటూ ఇటూ చూసింది.

"తీసేస్తారమ్మా నన్ను," అంది.

ప్రదర్శన రోజు రైసుమిల్లు ఆవరణలో షామియానా వేశారు. లింగమూర్తిగారికి ఇటొకరు అటొకరు న్యాయనిర్ణేతలు. విశాలాక్షిగారిని కూడా పిలిచి, ప్రభావం పడకుండా అందరికంటే వెనక కూర్చోబెట్టారు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, మూసిన నోటితో, పరీక్ష రాస్తున్న పిల్లలా కూర్చున్నారు.

ముందు కోటేశు వచ్చాడు. చేతులు కట్టుకుని తన స పట్టుకుని నిలబడ్డాడు. చక్కగా, సూటిగా, దీపం వత్తిలా నిలిచింది వాడి స. నాకే చప్పట్లు కొట్టాలనిపించింది. న్యాయనిర్ణేతలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"శ్రుతిలో ఉన్నది," అన్నారొకరు.

"స్పష్టముగా ఉన్నది," అన్నారు రెండోవారు.

"ఇదివరకు ఎవరో నిర్ణయించిన శ్రుతిలో నీ రచన ఎట్లు కలిసినది బాబూ?" లింగమూర్తిగారు బాధగా అడిగారు.

నూకరత్నం లేచింది. "కావాలని కాదండి బాబూ! పొరపాటున కలిసిపోయింది. మళ్ళీ పాడమంటే ఇలా పాడడండి, నాది పూచీ!"

కోటేశు మళ్ళీ పాడాడు. ఈసారి భయంతో గొంతు అటూ ఇటూ పోయి, మధ్యలో విరిగింది. షామియానా దద్దరిల్లేలా చప్పట్లు. ఆ తరవాత వచ్చిన పిల్లలందరికీ కిటుకు తెలిసిపోయింది. ఒకడు గ అని కేక పెట్టాడు. ఒకమ్మాయి ప మీద దగ్గింది. మిల్లులో బియ్యం తింటున్న పావురాలు లేచిపోయాయి. న్యాయనిర్ణేతలు పెన్నులు కింద పెట్టలేదు.

అప్పుడు ఇందుమతిని పిలిచారు.

అది మైకు ముందు నిలబడింది. నోరు తెరవలేదు. లింగమూర్తిగారు ప్రోత్సాహంగా నవ్వారు. కాసేపు చూశారు. నవ్వు మెల్లిగా పోయింది. తీసేస్తారు, ఇప్పుడే తీసేస్తారు. ఉన్నట్టుండి ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

"పరిపూర్ణము," అన్నారు. "గురువు లేడు, తల్లి లేదు, శ్రుతి లేదు, తాళము లేదు, చివరకు వాన కూడా లేదు! మండలి ఇన్నాళ్ళు వెతుకుచున్నది ఇదియే. ప్రథమ బహుమతి!"

అందరూ లేచి నిలబడ్డారు. వచ్చే ఏడు నుంచి అన్ని పాఠశాలల్లోనూ పిల్లలకి ఇదే నమూనా అని మైకులో చెప్పారు. పిల్లలు ఈ స్థాయికి చేరుకోవడానికి ఇంకా చిన్న వయసులోనే మొదలుపెట్టాలన్నారు. మా ఆయన డ్యూటీ చొక్కాతోనే వచ్చి గేటు దగ్గర నిలబడి, చప్పట్లు కొట్టాలో వద్దో తెలీక చేతులు దగ్గరికి తెచ్చి ఆగిపోయారు.

నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. అది మెడకి గుచ్చుకుంటోంది. లింగమూర్తిగారు మైకు నా నోటి దగ్గరికి తెచ్చారు.

"ఈ విజయమునకు మూలము ఈ తల్లి ముందుజాగ్రత్త. అమ్మా, మీకింకా ఏమైనా భయములున్నవా? నిస్సంకోచముగా చెప్పండి. మండలి వినుటకు సిద్ధముగా ఉన్నది."

గుమాస్తా పెన్ను మూత తీశాడు.

ఉంది. ఒక్కటే ఉంది, కానీ పుట్టి ఇంత దాకా పడ్డ భయాలన్నీ కలిపినా దాని ముందు చాలవు. అది ఆయనకి చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. వారం తిరక్కుండా దాని మీద ఒక ఉత్తర్వు వస్తుంది. అందుకని మైకు ఆయన చేతిలోంచి లాక్కుని ఇందుమతి వైపు తిరిగాను. పిల్ల పేరు కొట్టేస్తే కొట్టేసుకోనీ అని నాతో నేనే అనుకున్నాను.

"ఇందూ, నాకొకటి చెప్పు. నీకు పాడాలనుందా, లేదా?"

అది నా వైపు చూసింది. న్యాయనిర్ణేతల వైపు చూసింది. వెనక విశాలాక్షిగారు కుర్చీలోంచి సగం లేచారు. శాలువా జారి కింద పడింది, నేను తీసుకోలేదు. లేదంటుందేమో. లేదనే అంటుంది. ఎవరో కుర్చీ జరపబోయి ఆపుకున్నారు. లింగమూర్తిగారు ఇదింకో రచన అనుకున్నారో ఏమో, తల పంకించడం మొదలుపెట్టారు. ఇందుమతి అడుగు ముందుకేసి, గుట్టు చెబుతున్నట్టు నా వైపు వంగింది. మైకు మా ఇద్దరి మధ్యలోనే ఉంది.

"పాడాలనే ఉందమ్మా," అంది. "ఈళ్ళందరూ ఎల్లిపోయాక పాడనా?"